భీమవరంలో కూర్చుని న్యూజెర్సీ ఆఫీసు నడపడం ఎలా

మీ రొయ్యల ప్లాంటులో మీకు రిపోర్టులతో పనిలేదు. పొద్దున్నే ఒక రౌండు వేస్తే చాలు. గ్రేడింగ్ టేబుల్ దగ్గర సూపర్‌వైజర్ మీ వైపు చూడకుండా పక్కకు తప్పుకున్నాడంటే రాత్రి షిఫ్టులో ఏదో తేడా జరిగిందని తెలిసిపోతుంది. ఐసు తక్కువ వేశారని వాసనే చెబుతుంది. అకౌంట్స్ అబ్బాయి టీ చల్లారబెట్టుకుని కూర్చున్నాడంటే బ్యాంకు నుంచి ఫోను వచ్చిందన్నమాట. ఇన్నేళ్లూ మీ కంపెనీ నడిచింది ఇలాగే.

ఇప్పుడు అమెరికాలో సొంత ఆఫీసు పెడదామనుకుంటున్నారు. మధ్యవాళ్ల కమీషన్ మిగులుతుంది, కొనేవాడికి సరుకు నేరుగా గోడౌన్‌కు చేర్చవచ్చు. ఆలోచన మంచిదే. కానీ సుమారు పదమూడు వేల కిలోమీటర్ల అవతల, అద్దె కోల్డ్ స్టోరేజీ పక్కన ముగ్గురు మనుషులతో నడిచే ఆ ఆఫీసులో మీ పొద్దుటి రౌండు ఉండదు, వాసనా తెలియదు, ఎవరి మొహమూ కనిపించదు. ఇక్కడ మీరు చెప్పకుండానే జరిగిపోయేవన్నీ అక్కడ చెప్పినా జరగవు, రాసి పెడితే తప్ప.

నేను రొయ్యల ఎగుమతిలో పనిచేస్తూ ఇలాంటి ఆఫీసులు రెండింటిని దగ్గర్నుంచి చూశాను. ఒకటి రెండేళ్లకే మూతపడింది, ఇంకొకటి నడుస్తోంది. రెండింటి యజమానులూ తెలివైనవాళ్లే. ఏమేం రాసి పెట్టుకున్నారన్న దగ్గరే తేడా వచ్చింది. కింద చెప్పినదంతా రొయ్యల లెక్కలోనే ఉంటుంది. మీది మిర్చో గ్రానైటో అయితే పేర్లు మార్చుకుని చదువుకోండి.

మనిషిని వెతికే ముందు జాబితా రాయండి

ఒక తెల్ల కాగితం తీసుకుని, పోయిన నెలలో మీరు ‘సరే’ అన్నవి, ‘వద్దు’ అన్నవి అన్నీ రాయండి. ధర తగ్గించడం, అప్పు ఇవ్వడం, క్లెయిము (సరుకులో తేడా ఉందని కొనేవాడు అడిగే పరిహారం) ఒప్పుకోవడం, లారీ మార్చడం, ఒకరిని తీసెయ్యడం. ముప్పై నలభై తేలతాయి. అందులో అమెరికా ఆఫీసుకు సంబంధించిన ప్రతిదాని పక్కనా మూడింట్లో ఒకటి వేయండి: ‘చేసెయ్’, ‘చేసి చెప్పు’, ‘అడిగి చెయ్’.

ఎందుకో ఒక్క ఉదాహరణతో చూద్దాం. న్యూజెర్సీలో సాయంత్రం నాలుగు గంటలు. పాత కొనుగోలుదారు ఫోన్ చేసి, పౌండుకు 10 సెంట్లు తగ్గిస్తే కంటైనర్ మొత్తం ఇప్పుడే తీసుకుంటానంటాడు. వేసవి కాలమైతే అప్పటికి భీమవరంలో రాత్రి ఒంటిగంటన్నర. కంటైనర్‌లో సుమారు 40,000 పౌండ్లు అనుకుంటే తేడా 4,000 డాలర్లు. మీ మనిషి మిమ్మల్ని నిద్ర లేపాలా? రేపు చెబుతానంటే ఆ కొనుగోలుదారు పక్కవాడికి ఫోన్ చేస్తాడు. కాగితం మీద ఇలా రాసి ఉంటే ఆ టెన్షనే ఉండదు: ‘5 సెంట్ల వరకు చేసెయ్. 12 వరకు పాతవాళ్లకైతే చేసి పొద్దున్నే చెప్పు. కొత్తవాళ్లకైతే ఎంతైనా సరే, అడిగి చెయ్.’ ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసినవి. మీవి మీ మార్జిన్‌లోంచి రావాలి. కానీ అంకె మాత్రం ఉండి తీరాలి. ‘చూసుకుని తగ్గించు’ అని రాస్తే అది హద్దు కాదు, తర్వాత తిట్టడానికి దాచుకున్న సాకు.

అన్నీ ‘అడిగి చెయ్’ కింద పడేసే యజమానిని చూశాను. మూతపడిన ఆఫీసు ఆయనదే. మూడు నెలలు తిరిగేసరికి అక్కడి కుర్రాడు కొరియర్ బిల్లుకు కూడా ఫోన్ చేసేవాడు. ఇతని చేతిలో ఏమీ లేదని కొనుగోలుదార్లకు అర్థమైపోయి నేరుగా ఈయన సెల్‌కే కొట్టడం మొదలుపెట్టారు. ఈయనకూ అది ముచ్చటగానే ఉండేది. ఆ రోజు నుంచి ఆఫీసు పోస్టు డబ్బా అయిపోయింది.

అందుకే ఈ మెట్టులో అసలు కష్టం రాయడంలో లేదు. కొనుగోలుదారు మీకే ఫోన్ చేసి ధర అడిగినప్పుడు, ఎంత పాత స్నేహమైనా, ‘మా న్యూజెర్సీ వాళ్లతో మాట్లాడండి’ అని పెట్టేయడంలో ఉంది. ఒక్కసారి మీరు అక్కడివాళ్ల కంటే రెండు సెంట్లు తగ్గించి చెప్పారా, ఇక వాళ్లతో ఎవడూ బేరమాడడు.

కంపెనీ రూపం, వెంట వచ్చే కాగితాలు

అక్కడ సొంత కంపెనీ రిజిస్టర్ చేయడం తేలిక, కొద్ది రోజుల పని. ఇక్కడి కాగితాలు అంతకంటే ముఖ్యం. విదేశీ పెట్టుబడుల కొత్త నిబంధనలు 2022 ఆగస్టు నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం మీ బ్యాంకు ద్వారా ఫారం ఎఫ్‌సీ వేసి, రిజర్వు బ్యాంకు నుంచి యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య తెచ్చుకున్నాకే మొదటి డాలరు పంపాలి. ఆడిట్ అయిన ఆఖరి బ్యాలెన్స్ షీటులోని నెట్‌వర్త్‌కు నాలుగు రెట్ల వరకు విడిగా అనుమతి అడగకుండా పెట్టవచ్చు. ఆ తర్వాత ఏటా రెండు తేదీలు గోడ మీద రాసుకోండి. ఎఫ్‌ఎల్‌ఏ రిటర్నుకు (రిజర్వు బ్యాంకుకు ఇచ్చే విదేశీ ఆస్తులు, అప్పుల లెక్క) జూలై 15, అక్కడి కంపెనీ పనితీరు రిపోర్టుకు డిసెంబరు 31. ఇవి మర్చిపోతే లేట్ ఫీజు ఒక ఎత్తు, సరిచేసేదాకా మళ్లీ డబ్బు పంపనివ్వకపోవడం ఇంకో ఎత్తు. అక్కడ జీతాలు ఆగినప్పుడు తెలుస్తుంది ఆ నొప్పి.

ఇంకో రెండు సంగతులు. మీ సొంత కంపెనీకే సరుకు అమ్మినా సరే, మీ బ్యాంకు దృష్టిలో అది ఎగుమతే. గడువులోగా డాలర్లు ఇక్కడికి రావాలి, లేదంటే షిప్పింగ్ బిల్లు (సరుకు పంపేటప్పుడు కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) మూసుకోకుండా మీ పేరు మీద వేలాడుతూనే ఉంటుంది. అలాగే మీ రెండు కంపెనీల మధ్య ధర బయటివాళ్లకు వేసే ధరలాగే ఉందని ఏటా సీఏ రిపోర్టు ఇవ్వాలి, మొత్తం ఎంత చిన్నదైనా.

రొయ్యలవాళ్లు మరొకటి ఆలోచించుకోవాలి. అక్కడ దిగుమతిదారుగా ఎవరి పేరుంటే సుంకాల బాధ్యత వాళ్లదే. భారత రొయ్యలపై అమెరికాలో యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా తెచ్చి అమ్ముతున్నారని వేసేది) 2005 నుంచి ఉంది. దాని అసలు రేటు సరుకు దిగినప్పుడు తేలదు, తర్వాత జరిగే సమీక్షలో తేలుతుంది. ఎక్కువైతే తేడాను వడ్డీతో సహా దిగుమతిదారు కట్టాలి. అంటే ఈ ఏడాది లాభం చూపించిన మీ న్యూజెర్సీ కంపెనీకి రెండేళ్ల తర్వాత బిల్లు రావచ్చు. 2025 ఆగస్టు చివర్లో అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు, దారిలో ఉన్న సరుకుకు ఎవరు కట్టాలన్న తగువులు ఎన్నో చూశాం. కాంట్రాక్టులో ‘సుంకం మారితే ఎవరిది’ అన్న ఒక్క వాక్యం ఉన్నవాళ్లు బతికారు. మీ టెంప్లేటులో ఆ వాక్యం ఉందేమో ఇవాళే చూడండి.

తోడల్లుడి ప్రశ్న

అమెరికాలో ఆఫీసు అనగానే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: ‘మా తోడల్లుడు ఎడిసన్‌లోనే ఉన్నాడు కదా, చూసుకుంటాడు.’ చూసుకోవచ్చు. చుట్టాన్ని పెట్టుకోవడం తప్పని నేననను, నమ్మకానికి విలువ ఉంది. కానీ మూడు విషయాలు తేల్చుకోండి.

ఒకటి, వీసా. ఆయన హెచ్-1బీ మీద వేరే కంపెనీలో ఉంటే, సాయంత్రాలు మీ పని చూస్తానంటే చట్టం ఒప్పుకోదు. జీతం తీసుకోకుండా చేస్తానన్నా ఇబ్బందే. ఏమీ కాదులే అనుకుని ఆయన గ్రీన్‌కార్డుకు గండి కొట్టకండి. ఇక్కడి మేనేజరునే పంపాలనుకుంటే ఎల్-1 వీసా ఉంది. గత మూడేళ్లలో కనీసం ఏడాది ఏకధాటిగా మీ దగ్గర చేసి ఉండాలి. కొత్త ఆఫీసుకైతే మొదట ఒక్క ఏడాదికే ఇస్తారు. ఆలోగా ఆఫీసు నిజంగా నడుస్తోందని చూపిస్తే పొడిగిస్తారు.

రెండు, అపాయింట్‌మెంట్ ఆర్డరు. జీతం, పని, పైన రాసుకున్న హద్దుల కాగితం, మానేస్తే ఎన్ని రోజుల నోటీసు, అన్నీ రాతలో ఉండాలి. ‘మనలో మనకేంటి బావగారూ’ అన్నవాళ్లే తర్వాత పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చోరు.

మూడోది అన్నిటికంటే పెద్దది. అమ్మేవాడు, డబ్బు లెక్క చూసేవాడు ఒకరే కాకూడదు. ఇది చుట్టాలకే కాదు, ఎవరికైనా. 1762లో మొదలైన లండన్ బేరింగ్స్ బ్యాంకు 1995లో మునిగిపోవడానికి కారణం సింగపూర్ ఆఫీసులో ఇలా కుదిరిన కుర్చీ. నిక్ లీసన్ అక్కడ కొనుగోళ్లూ అమ్మకాలూ చేసేవాడు, వాటి లెక్క సరిచూసే విభాగానికీ అతనే పెద్ద. నష్టాలన్నీ 88888 అనే ఖాతాలో దాస్తూ పోయాడు. బయటపడేసరికి 82.7 కోట్ల పౌండ్లు. ఆ బ్యాంకును తర్వాత డచ్ సంస్థ ఐఎన్‌జీ ఒక్క పౌండుకు కొనుక్కుంది. మీ ఆఫీసులో ఉండేది ముగ్గురే కదా, విడదీయడం ఎలా అంటారా? అమ్మకాలు అక్కడ, ఇన్‌వాయిసులూ వసూళ్ల లెక్కా ఇక్కడ పెట్టండి. అకౌంట్స్ అబ్బాయిని ఒకరిని మధ్యాహ్నం షిఫ్టుకు మారిస్తే సరిపోతుంది.

మాటల పట్టిక చేయండి

ఇద్దరూ ఇంగ్లీషే మాట్లాడుతున్నారు కాబట్టి అర్థమవుతుందనుకోవడం పొరపాటు. ఒక పేజీ పట్టిక చేసి రెండు ఆఫీసుల్లోనూ గోడకు అంటించండి. మా పట్టికలో మొదటి మాట ‘కౌంట్’. చెరువు దగ్గర 50 కౌంట్ అంటే కిలోకు యాభై, తలతో సహా. ఒక్కో రొయ్య 20 గ్రాములు. తల తీస్తే సుమారు 13 గ్రాములు మిగులుతుంది. అమెరికావాడు పౌండుకు లెక్కపెడతాడు, అదీ తల లేకుండా. పౌండు అంటే 454 గ్రాములు కాబట్టి ముప్పై అయిదు దాకా తూగుతాయి, అతని భాషలో 31/40. కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె ప్లాంటు మెయిల్‌లో ‘50 కౌంట్ రెడీ’ అని చూసి కొనుగోలుదారుకు 41/50 అని చెప్పేసింది. సైజు పెద్దది, ధర చిన్నది. ఆ కంటైనర్ మీద మాకేమీ మిగల్లేదు. తప్పు ఆమెది కాదు, పట్టిక ఇవ్వని మాది.

రెండోది ‘జీరో’. కోల్డ్ స్టోరేజీవాడు ‘మీ సరుకు జీరోలో ఉంది’ అంటే మనవాళ్లకు గుండె ఆగుతుంది. అతను చెబుతున్నది ఫారన్‌హీట్. జీరో ఫారన్‌హీట్ అంటే మన మైనస్ 18 సెల్సియస్, సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. ఇంకా టన్ను: మనది వెయ్యి కిలోలు, అక్కడ మామూలుగా టన్నంటే 2,000 పౌండ్లు, 907 కిలోలే. నెట్ వెయిట్ అంటే గ్లేజు (రొయ్య మీద పూసే పల్చటి ఐసు పొర) పోగా మిగిలిన బరువని రాయండి. లక్షలు, కోట్లు మెయిళ్లలో వాడొద్దు, కామాలు కూడా వాళ్ల పద్ధతిలోనే పెట్టండి. తేదీలో నెలను అంకెతో రాయొద్దు. 04/05 అంటే మనకు మే నెల, వాళ్లకు ఏప్రిల్. కార్టన్ మీద తయారీ తేదీ దగ్గర ఇది నెల రోజుల తేడా.

ఇక మనం రాసే ఇంగ్లీషు. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మనకు ప్రశ్న, అవతలివాడికి అనుమానం. ‘కైండ్లీ రివర్ట్’ అంటే జవాబివ్వమని మన ఉద్దేశం. కొందరు అమెరికన్లకు అది పాత స్థితికి మార్చమన్నట్టు వినిపిస్తుంది. ‘విల్ ట్రై’ గురించి చెప్పక్కర్లేదు. మన ఊళ్లో ‘చూద్దాం లెండి’ అంటే కాదనే కదా, ఆ సంగతి అక్కడివాళ్లకు తెలియదు. జపాన్ కొనుగోలుదార్లతో పనిచేస్తే ఇది తిరగబడుతుంది. ఆయన ‘ముజుకషీ’ అంటే ‘కష్టం’ అని అర్థం. మనవాళ్లు కష్టమే కానీ వీలవుతుందేమో అనుకుని వెంటపడతారు. ఆయన మర్యాదగా కుదరదని చెప్పేశాడు.

ఒక చిన్న అలవాటు చేయండి. ఫోనులో ఏది ఒప్పుకున్నా, పది నిమిషాల్లో మూడు వరుసల మెయిల్: ఏమిటి, ఎవరు, ఎప్పటికి. అవతలివాళ్లు ‘అవును’ అని జవాబిచ్చేదాకా ఒప్పందం కానట్టే. వాట్సాప్ ఫొటోలకు, ‘లారీ వచ్చింది’ లాంటి కబుర్లకు బాగుంటుంది. ధరలు అందులో మాట్లాడొద్దు. ఆరు నెలల తర్వాత ఆ మెసేజి కోసం వెతికేటప్పుడు, ఫోను మార్చానండీ అంటాడు.

టైము ఎవరు కోల్పోవాలి

న్యూజెర్సీలో ఉదయం ఎనిమిదిన్నర అంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరు, చలికాలంలో ఏడు. అక్కడ గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు జరుగుతుంది. యూరప్‌లో మార్చి, అక్టోబరు నెలల ఆఖరి ఆదివారాలు. మధ్యలో ఆ వారాల్లో ఎవరో ఒకరు మీటింగుకు గంట అటూఇటూగా వస్తారు. క్యాలెండర్‌లో ముందే వేసుకోండి.

రోజుకు ఒకటే కాల్, ఇరవై నిమిషాలు, అటువాళ్ల ఉదయం ఎనిమిదిన్నరకు. ముందు పోర్టుల దగ్గర ఉన్న సరుకు, తర్వాత క్లెయిములు, చివర ధరలు. ధరలు ముందు పెడితే మిగతావాటికి టైమే ఉండదు. వారానికి ఒక్క రోజు కాల్ మన ఉదయం ఏడున్నరకు మార్చండి, వాళ్లకప్పుడు రాత్రి. నిద్ర చెడేది ఎప్పుడూ ఒకవైపే అయితే ఆ వైపు మనుషులు నిలవరు.

సెలవుల జాబితా జనవరికి ముందే ఇచ్చిపుచ్చుకోండి. నవంబరు నాలుగో గురువారం నుంచి అక్కడ నాలుగు రోజులు ఎవరూ దొరకరు. సంక్రాంతి మూడు రోజులూ భీమవరంలో ఎవరూ ఫోనెత్తరని వాళ్లకు డిసెంబరులోనే చెప్పండి. కోడిపందేల గురించి వివరించాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఒక పనిని పట్టుకుని చివరిదాకా నడిపి చూడండి

పైన చెప్పినవన్నీ పనిచేస్తున్నాయో లేదో ఒక్క పనితో తెలిసిపోతుంది. అమెరికాకు వెళ్లే ప్రతి కంటైనర్‌కూ, ఓడలోకి ఎక్కించడానికి 24 గంటల ముందే అక్కడి కస్టమ్స్‌కు ఐఎస్‌ఎఫ్ అనే ఫైలింగ్ చేరాలి. పది వివరాలు దిగుమతిదారు ఇవ్వాలి, రెండు షిప్పింగ్ కంపెనీ. ఆలస్యమైతే, తప్పుంటే ఒక్కోదానికి 5,000 డాలర్ల దాకా జరిమానా.

ఇందులో తమాషా ఏమిటంటే ఫైల్ చేయాల్సింది న్యూజెర్సీ, వివరాలన్నీ ఉన్నది ఇక్కడ. ఎవరు తయారు చేశారు, కంటైనర్ ఎక్కడ నింపారు, ఇవి మీ ప్లాంటుకే తెలుసు. మన ప్లాంటు శనివారం కూడా నడుస్తుంది. శనివారం సాయంత్రం స్టఫింగ్ (కంటైనర్ నింపడం) అయ్యాక తీరిగ్గా మెయిల్ పెడితే అక్కడ శనివారం ఉదయం, ఆఫీసుకు తాళం. ఓడ ఆదివారం రాత్రి లోడింగ్. సోమవారం వాళ్లు మెయిల్ తెరిచేసరికి గడువు దాటిపోయింది.

దీన్ని సరిచేయడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వివరాల షీటు గురువారం రాత్రికల్లా ప్లాంటు పంపాలి. శుక్రవారం అక్కడి మధ్యాహ్నంలోపు కస్టమ్స్ బ్రోకరు ఫైల్ చేయాలి. ఒప్పుకున్నట్టు వచ్చిన నంబరును అక్కడివాళ్లు ఇక్కడికి పంపాలి. ఆ నంబరు చేతికొచ్చేదాకా విశాఖ గేటు దాటించొద్దని మీ క్లియరింగ్ ఏజెంటుకు చెప్పండి. చివరి మాటే కీలకం. మొత్తం పనికి బాధ్యుడు ఒక్కడే ఉండాలి, వాడి పేరు షీటు పైన ఉండాలి. ‘ఎక్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్’ అని రాస్తే ఎవరి పేరూ రాయనట్టే.

ఇలాంటి పనులు మీ వ్యాపారంలో అయిదారు ఉంటాయి, రెండు దేశాల మధ్య చెయ్యి మారేవి. మొదటి మూడు నెలలు వాటినే పట్టుకోండి. మిగతావి వాటంతటవే దారిలో పడతాయి.

చెడ్డ కబురుకు దారి వేయండి

మన దగ్గర పెద్దాయనకు చెడ్డ కబురు చెప్పడానికి మంచి టైము చూస్తారు. అక్కడ ఆ మంచి టైము వచ్చేలోపు గడువులు పోతాయి. ఒకసారి రీఫర్ (సరుకును చల్లగా ఉంచే) కంటైనర్‌లోని ఉష్ణోగ్రత రికార్డరులో రెండు రోజులు వేడెక్కినట్టు గీత కనబడింది. అక్కడి కుర్రాడు తనే సర్దుదామనుకుని వారం ఎవరికీ చెప్పలేదు. పైకి కనబడని నష్టానికి, సరుకు అందిన మూడు రోజుల్లో షిప్పింగ్ కంపెనీకి రాతలో నోటీసివ్వాలి. ఇవ్వకపోతే సరుకు బాగానే అందిందని లెక్కేస్తారు, కాదని నిరూపించే బరువు మన నెత్తిన పడుతుంది. మాకు అదే జరిగింది. కుర్రాడు ఎందుకు చెప్పలేదో తర్వాత తెలిసింది. అంతకు నెల ముందు, ఇంకో సంగతికి, యజమాని కాల్‌లో అందరి ముందూ అతన్ని కడిగేశాడు.

నియమం ఒకటే పెట్టండి. చెడ్డ కబురు తెలిసిన నాలుగు గంటల్లో ఫోను, ఏ రాత్రయినా సరే. ఫోను ఎత్తినవాళ్లు మొదటి కాల్‌లో ‘ఏమైంది, ఇప్పుడేం చేద్దాం’ తప్ప ‘ఎవరు చేశారు’ అడగకూడదు. ఇది మీకు పెట్టుకున్న నియమమని గుర్తుంచుకోండి, వాళ్లకు కాదు.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు

అక్కడి చెక్కుల మీద రెండు సంతకాలు ఉండాలని రాసుకున్నా, చాలా అమెరికా బ్యాంకులు దాన్ని చూసే బాధ్యత తీసుకోవు. దాన్ని నమ్ముకోకుండా, ఆన్‌లైన్ వైర్లకు (బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపడానికి) ఒకరు వేస్తే ఇంకొకరు ఆమోదించే పద్ధతి అడిగి పెట్టించుకోండి. ఆ రెండోవారు ఇక్కడ ఉండాలి. చెక్కుబుక్కు చిన్న ఖర్చుల ఖాతాకే, అందులో నెలకు సరిపడా డబ్బే.

స్టేట్‌మెంటు బ్యాంకు నుంచి నేరుగా మీకు రావాలి. అక్కడి ఆఫీసు ఫార్వర్డ్ చేసిన పీడీఎఫ్ లెక్కలోకి రాదు. ఇది చాదస్తం అనేవాళ్లకు 2009 జనవరి 7 గుర్తుచేయండి. సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో ఉన్న నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేవని ఆ రోజు ఆ కంపెనీ ఛైర్మనే ఉత్తరం రాశారు. ఆడిటర్లుండీ జరిగింది అది.

ఇంకొకటి. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకనుంచి ఇక్కడికి పంపండి’ అని ఎవరి మెయిల్ వచ్చినా, ఎంత పాతవాళ్లైనా, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి గొంతు విన్నాకే మార్చండి. మాకు వచ్చిన ఒక మెయిల్‌లో కంపెనీ పేరు, సంతకం, లోగో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అడ్రసులో ‘ఎం’ అక్షరం ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కనే ఉన్నాయి. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి. అకౌంట్స్ అబ్బాయికి అనుమానం వచ్చింది స్పెల్లింగు చూసి కాదు. ఎప్పుడూ ‘హాయ్’ అని రాసే ఆయన ఆ రోజు ‘డియర్ సర్’ అని రాశాడు.

వారానికి ఒక పేజీ

పదిహేను షీట్ల రిపోర్టు అడిగితే పదిహేను షీట్లూ వస్తాయి, మీరు ఒక్కటీ చదవరు. ఒక పేజీ చాలు: కోల్డ్ స్టోరేజీలో ఏ లాటు ఎన్ని కార్టన్లు, ఎన్నాళ్లుగా ఉంది, ఎవరు ఎంత బాకీ, ఎన్ని రోజులైంది, తేలని క్లెయిములు, వచ్చే మూడు వారాల్లో దిగే కంటైనర్లు, ‘చేసి చెప్పు’ కింద ఈ వారం చేసినవి. స్టాకు అంకె మీ ఆఫీసు రాసినదీ, కోల్డ్ స్టోరేజీ వాళ్ల సొంత రిపోర్టులో ఉన్నదీ పక్కపక్కన ఉండాలి. తేడా ఉంటే అది మోసమే కానక్కర్లేదు, ఎక్కువసార్లు డ్యామేజీ కార్టన్లే. అయినా అడగండి. అడుగుతారని తెలిస్తేనే అంకెలు జాగ్రత్తగా రాస్తారు.

పేజీ మీద ప్రతి వారం ఒక్క ప్రశ్నైనా తిరిగి పంపండి. మూడు వారాలు మీ నుంచి ఏ ప్రశ్నా రాకపోతే, నాలుగో వారం పాత పేజీనే తేదీ మార్చి పంపుతారు. మనమూ బడిలో అదే చేశాం.

వెళ్లడం, రప్పించడం

మొదటి ఏడాది మీరు కనీసం రెండుసార్లు వెళ్లండి, ఒక్కోసారి పది రోజులు. గుడులూ చుట్టాలిళ్లూ అయ్యాక మిగిలిన టైములో ఆఫీసుకు వెళ్లేవాళ్లను చూశాను. ముందు కోల్డ్ స్టోరేజీకి వెళ్లి, ఏదో ఒక లాటు నంబరు చెప్పి ఆ ప్యాలెట్ దింపించి చూడండి. కొనుగోలుదార్లను మీవాళ్లతో కలిసే కలవండి, ధర ప్రశ్న వస్తే మీవాళ్ల వైపు చూడండి. ఆ ఒక్క చూపుతో వాళ్లకు ఆరు నెలల బలం వస్తుంది.

అంతకంటే లాభం అక్కడివాళ్లను ఇక్కడికి రప్పించడంలో ఉంది. నడుస్తున్న ఆ రెండో ఆఫీసులో అమ్మకాలు చూసే అమెరికా ఆవిడను ఒకసారి తీసుకొచ్చారు. తెల్లవారుజామున చెరువు పట్టేటప్పుడు గట్టు మీద నిలబెట్టాం. వల లాగడం, ఐసు పెట్టెలు, తూకం దగ్గర రైతుకూ మా కొనుగోలు మనిషికీ కౌంట్ మీద గొడవ, అన్నీ చూసింది. మధ్యాహ్నం ప్లాంటులో పీలింగ్ చేసే ఆడవాళ్ల పక్కన కూర్చుని తనూ నాలుగు వలిచింది. వెళ్లాక ఆమె మెయిళ్లు మారాయి. ‘సరుకు ఎందుకు ఆలస్యం’ అని రాసేది, ఇప్పుడు ‘చెరువుల దగ్గర వాన పడుతోందా’ అని అడుగుతోంది.

అన్నట్టు, ప్లాంటు లోపలికి పంపడానికి ఆమె సైజు గమ్‌బూట్లు మా దగ్గర లేవు, గంటసేపు ఏలూరు దాకా వెతికించాం. ఎవరినైనా పిలిచే ముందు పెద్ద సైజులు రెండు జతలు తెప్పించి పెట్టుకోండి.